దొంగ తూకం

మామయ్య పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచిపోయిన ఆ ఉదయం కూడా, ఆయన బరువు పావుకిలో అయినా పెరగలేదు.

చెప్పులు తొడగబోయిన నేను ఆగిపోయాను. చీలమండ దగ్గర వేలుతో నొక్కి చూశాను. గుంట పడింది. వేలు తీశాక కూడా, తడి మట్టిలో గుచ్చినట్టు, అలాగే ఉండిపోయింది.

"మామయ్యా, ఇందాక బరువెంత వచ్చింది?"

"నిన్నటంతే. సిస్టరుకి ఫోన్లో చెప్పేశాగా."

"మరి ఈ కాళ్ళేంటి?"

"వాన చలికి అలా ఉన్నాయి. నువ్వు షాపుకి వెళ్ళమ్మాయ్, ఆలస్యమవుతోంది."

ఆ నాలుగు మాటలు చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు.

బరువు మిషను పాడైందేమోనని నేనే ఎక్కి చూశాను. నా బరువు ఉన్నది ఉన్నట్టు చూపించింది. కాస్త తగ్గించి చూపించినా ఏమీ అనుకునేదాన్ని కాదు. రాత్రి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన్ని లాక్కొచ్చి ఎక్కించాను. అదీ సరిగ్గానే ఉంది. అంటే మిషను అబద్ధం చెప్పడం లేదు. ఇంట్లో ఇంకెవరో చెబుతున్నారు.

ఆసుపత్రిలో ఆయన్ని చూసే సిస్టరుకి ఫోన్ చేశాను.

"వాపు ఎక్కడిదాకా ఉంది?"

"మోకాళ్ళ కిందిదాకా."

"రాత్రి ఊపిరాడటానికి తల కింద ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నాడు?"

"దిండ్లు లేవు సిస్టర్. వారం నుంచి కుర్చీలోనే కూర్చుని నిద్రపోతున్నారు. కిటికీ దగ్గర గాలి బాగుంటుందంటున్నారు."



"నాకు మాత్రం ఒకే దిండు అని చెప్పాడు బాబాయ్," అంది ఆవిడ. "ఏ బండి దొరికితే ఆ బండిలో తీసుకొచ్చెయ్యండి. ఇప్పుడే."

ఆవిడ గదిలో, ఆవిడ మిషను మీద మామయ్యను నిలబెట్టాం. ఒక పక్క ఆవిడ, ఒక పక్క నేను. ఇంట్లో చెప్పిన దానికంటే ఆరు కిలోలు ఎక్కువ. సిస్టరు ఆ అంకెను రెండోసారి చూసింది. తిట్టలేదు. ప్రశ్నించలేదు. చక్రాల కుర్చీ తెప్పించి, "వార్డుకి వెళ్దాం బాబాయ్," అంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా తల వంచుకున్నారు. ఆ మాటకి అక్కడ ఏం అర్థముందో అందరికీ తెలుసు.

*

వానాకాలం మొదట్లో సంగతి ఇలా లేదు.

మామయ్య వేబ్రిడ్జి మనిషి. సరుకు లారీలని తూచడమే జీవితమంతా చేసిన పని. డ్రైవర్లు ఆయనకి పెట్టిన పేరు 'ముల్లు'. తూకం ముల్లు ఎలా మాట వినదో ఈయనా అలాగే వినడని. వెనక చక్రం కాటా మీదికి ఎక్కించకుండా గట్టు మీదే ఆపేసేవాళ్ళు, ఖాళీ బండి తూచేటప్పుడు సీటు కింద రాళ్ళు దాచేవాళ్ళు, అందరినీ ఆయన పట్టేశారు. వానలో గొడుగు వేసుకుని మరీ లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాకే చీటీ రాసేవారు. రిటైరయ్యాక గుండె నీరసించింది. ఊపిరాడక వార్డులో చేరడం, నీరు తీయించుకుని ఇంటికి రావడం, నెల తిరక్కుండా మళ్ళీ చేరడం. మూడోసారి ఇంటికి పంపిస్తూ గుండె డాక్టరు, "ఇకనుంచి సిస్టరు గది దగ్గరికి రండి," అన్నాడు.

మా ఆయనకి నచ్చలేదు. "అంటే డాక్టరు చూడరా? నర్సు చూస్తుందా?"

"అవసరమైతే నేనూ చూస్తాను," అన్నాడు డాక్టరు, కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంటూ. "ఆవిడ ఈ జబ్బు మీద ప్రత్యేకంగా చదువుకుని వచ్చింది. మందు మోతాదు తనే మారుస్తుంది. నాకు మనిషికి మూడు నిమిషాలు దొరుకుతాయి. ఆవిడ అరగంట కూర్చుంటుంది. మీ నాన్నకి కావలసింది ఆ అరగంటే."

ఆ గది వరండా చివర, లిఫ్టు పక్కన ఉండేది. అంతకుముందు దుప్పట్లు దాచిన గది. ఎంత కడిగినా ముక్కిన వాసన వదల్లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, బరువు మిషను, ప్లాస్టిక్‌తో చేసిన గుండె బొమ్మ ఒకటి. బయట బెంచీ. బెంచీ వాళ్ళంతా దాన్ని గుండె గది అనేవారు.

"ఏం పని చేసేవారు బాబాయ్?" అని అడిగింది సిస్టరు మొదటి రోజు. నడివయసు మనిషి. మాట్లాడేటప్పుడు చేతులు ఖాళీగా ఉంచుకోదు. నాడి చూస్తూనో, కాలు నొక్కుతూనో మాట్లాడుతుంది.

"లారీలు తూచేవాణ్ణి సిస్టరమ్మా."

"అయితే నా పని సగం తప్పింది. ఇకనుంచి లారీ మీరే. పొద్దున్నే బాత్రూముకి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, రోజూ ఒకే రకం బట్టలతో మిషను ఎక్కాలి. గుండె సరిగ్గా కొట్టకపోతే ఒంట్లో నీరు నిలుస్తుంది. ఆ నీరు కాళ్ళలో కనపడకముందే బరువులో కనపడుతుంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగిందంటే మీరు లావెక్కినట్టు కాదు, నీరు ఎక్కినట్టు. వెంటనే నాకు చెప్పాలి."

"ఖాళీ బండి బరువు తెలిస్తే సరుకు బరువు దాచలేరు," అన్నారు మామయ్య.

"అదే. ఆ నీరే సరుకు."

ఏ ఆసుపత్రిలోనూ ఆయన అంత శ్రద్ధగా వినడం నేను చూడలేదు. ఇంటికొచ్చి ఇల్లంతా తిరిగి నేల సమంగా ఉన్న చోటు వెతికారు. బాత్రూము ముందున్న ఇరుకు సందులో, వాష్‌బేసిన్ పక్కన మాత్రమే కుదిరింది. రోజూ పొద్దున తలుపు దగ్గరగా వేసుకుని మిషను ఎక్కడం, ఫోన్ తీసి సిస్టరుకి అంకె చెప్పడం ఒక ఉద్యోగంలా పెట్టుకున్నారు. సిస్టరు ఉప్పు వద్దందని అత్తయ్య ఉప్పు డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇది కూరా, వేణ్ణీళ్ళా?" అనేవారు మామయ్య.

"మీ గుండెకి వండాను. మీ నాలుకతో నాకేం పని?"

"నాలుక కూడా నాదేనే."

"అది మొదటినుంచీ మీ మాట వినదుగా."

నెల తిరిగేసరికి మూడు దిండ్ల నుంచి ఒక దిండుకి వచ్చారు. వీధి చివరిదాకా నడిచి పాల ప్యాకెట్ తెచ్చారు. మధ్యలో రెండుసార్లు బరువు పెరిగింది, సిస్టరు ఫోన్లోనే మాత్ర పెంచింది, నాలుగు రోజుల్లో దిగిపోయింది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి తిన్నగా నిద్రపోవడం మొదలుపెట్టాడు. నేను కళ్ళద్దాల షాపులో పని చేస్తాను. పొద్దస్తమానం ఎదుటివాళ్ళని "ఇప్పుడు కనపడుతోందా?" అని అడగడం నా పని. చాలా రోజుల తర్వాత షాపులో ఉన్నంతసేపూ ఫోను చూసుకోకుండా ఉండగలిగాను. అలసట పోలేదు. భయం పోతే అలసట మాత్రమే మిగిలింది. దానితో బతకొచ్చు.

ఒకసారి మందుల కోసం వెళ్ళి బెంచీ మీద కూర్చున్నప్పుడు, పక్కనున్న లెక్కల మాస్టారు ఒక మాట తెచ్చాడు. ఆయనా గుండె గది మనిషే. రిటైరైనా లెక్క పూర్తయ్యేదాకా ఊరుకోడు.

"ఈ గది ఈ వానాకాలం వరకేనట. ఆసుపత్రి ఆఫీసాయన గడువు పెట్టాడు. ఇక్కడికొచ్చేవాళ్ళు మళ్ళీ వార్డులో చేరకుండా ఉంటే గది ఉంటుంది. చేరితే ఇక్కడికి మళ్ళీ దుప్పట్లు వస్తాయి."

"మరి మనం?" అన్నారు మామయ్య.

"మనం మళ్ళీ మూడు నిమిషాల వాళ్ళం."

 లోపలికి వెళ్ళాక మామయ్య ఆ రోజు సిస్టరుతో ఎక్కువ మాట్లాడలేదు. వానకి మందకొడిగా ఉన్నారనుకున్నాను.

ఆ తర్వాత వానలు ముదిరాయి. వాష్‌బేసిన్ కారడం మొదలైంది. మా ఆయన నిద్ర మానుకుని దాని కింద పడుకుని స్క్రూలు బిగించాడు. నాలుగు రోజులకి మళ్ళీ కారింది.

"గోడ నానిపోయినట్టుంది. బేసిన్ ముందుకి వాలిపోతోంది," అన్నాడు.

"మంచి ప్లంబర్ని పిలవరా," అంది అత్తయ్య.

"నేనుండగా ప్లంబరెందుకమ్మా?"

"నువ్వుండగానేగా కారుతోంది."

నెల తనిఖీకి వెళ్ళాల్సిన రోజు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. మామయ్యే ఫోన్ చేసి చెప్పారు, బరువు నిలకడగా ఉంది, ఒకటే దిండు, కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి, వచ్చే వారం వస్తామని. బరువు నిలకడగా ఉందన్నది మేమూ నమ్మాం. రోజూ వంద గ్రాములు ఎక్కువో తక్కువో అయ్యేది, అంతే. మనుషుల బరువు అలాగే ఉంటుంది. అంత నమ్మకంగా ఉండేది ఆ అంకె.

*

వార్డులో నాలుగో పడక. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. చేతికి సూది. మా ఆయన మంచం పక్కన నిలబడి ఏదో లెక్క వేస్తున్నట్టు చూస్తున్నాడు. ఇంటికొచ్చాక ఆ లెక్క బయటపడింది. తిన్నగా వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ దించాడు.

"ఏం వెతుకుతున్నావురా?" అంది అత్తయ్య.

"ఉప్పు. నాన్న అడిగితే పెట్టేస్తున్నావా? ఆయన మొహం వేలాడేస్తే నువ్వు ఆగలేవు, నాకు తెలుసు."

అత్తయ్య బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. గట్టిగా కూడా పెట్టలేదు.

"రేపట్నుంచి వంట నువ్వే చెయ్యి," అంది. "నేనూ ఆ చప్పిడి కూరే తింటున్నాను, ఆయన ఒక్కడూ తినడం చూడలేక. నా పళ్ళెంలోనైనా ఉప్పు కనపడిందేమో చూసుకో."

ఆ తర్వాత ఆ ఇంట్లో మూడు గిన్నెలు విడివిడిగా చప్పుడు చేశాయి. ఒకళ్ళ అన్నం ఒకళ్ళు వడ్డించుకోలేదు. వానకి ఆరని బట్టలు గదులన్నిటా వేలాడుతూ ఉండేవి. వాటి కింద నుంచి వంగి నడుస్తూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా గడిపేశాం. అబద్ధం చెప్పినవాళ్ళెవరో తెలియనంతకాలం అందరూ చెప్పినట్టే ఉంటుంది.

ఆసుపత్రిలో ఇంకో వార్త తిరుగుతోంది. సిస్టరు ఫోన్లో వైద్యం చేసి ముసలాయన ప్రాణం మీదకి తెచ్చిందట. గడువు ఇంకో వారముందనగా ఆఫీసాయనకి దొరకాల్సింది దొరికింది.

నాకు దొరికింది ఆ వార్త విన్న మర్నాడు పొద్దున. మొహం కడుక్కుంటూ బేసిన్ అంచు పట్టుకున్నాను. వారం క్రితమే మా ఆయన బిగించినది, మళ్ళీ ఊగింది. కింద మామయ్య బరువు మిషను ఎప్పటిలాగే ఉంది. నేను దాని మీదికి ఎక్కాను. ఎందుకో బేసిన్ అంచు మీద అరచేయి ఆనించాను. మిషను మీద అంకె కిందికి దిగింది. ఇంకొంచెం ఆనించాను. ఇంకొంచెం దిగింది. గోడ దగ్గర స్క్రూ కిర్రుమంది, నీటి బొట్టు ఒకటి నా పాదం మీద పడింది.

గోడ నానలేదు. రోజూ పొద్దున ఎవరో దాని మీద బరువు దించుకుంటున్నారు.

ఎవరో అని అనుకోవడానికి అక్కడ ఇంకొకళ్ళకి చోటు కూడా లేదు. అర్థం కానిదల్లా ఎందుకన్నదే. ఆ మిషను మీద కాస్త బరువు పెరిగితే ఆయనకి పోయేదేముంది?

ఆ మధ్యాహ్నం వార్డుకి వెళ్ళాను. మామయ్య కాళ్ళ వాపు సగం దిగింది. దుప్పటి మీద చేతులు పెట్టుకుని కిటికీ వైపు చూస్తున్నారు.

"బేసిన్ మళ్ళీ కారుతోంది మామయ్యా," అన్నాను.

ఆయన చేతులు దుప్పటి కిందికి వెళ్ళిపోయాయి.

"బిగించమను వాణ్ణి."

"బిగిస్తాడు. ఇంకపైన కారదులెండి, మీరు ఇక్కడున్నారుగా."

 నేను నారింజ తొక్క తీసి తొనలు పళ్ళెంలో పెట్టాను. ఆయన ముట్టుకోలేదు.

"సిస్టరు పొద్దున్నించి కనపడలేదు," అన్నారు.

"రేపు ఆఫీసాయన వస్తున్నాడట ఆవిడ గదికి. మీ సంగతి మాట్లాడటానికి."

"నా సంగతా? ఆవిడ ఏం చేసింది?"

"మీరు చెప్పిన అంకెలు నమ్మింది."

ఒక తొన తీసుకున్నారు. నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకుని, "నన్ను కూడా తీసుకెళ్ళమ్మాయ్," అన్నారు.

*

గది సంగతి ముందే చెప్పేస్తాను. అది ఇప్పటికీ ఉంది. బెంచీ పాతదైపోయింది, ఇంకో బెంచీ తెచ్చి వేశారు. నేను చెప్పదలచుకున్నది ఆ రోజు అక్కడ మామయ్య అన్న మాటలు. వాటిని మా ఇంట్లో ఇప్పటికీ ఎవరం తిరిగి అనం.

ఆ చిన్న గదిలో ఐదుగురం ఇరుక్కున్నాం. మామయ్య చక్రాల కుర్చీలో, నేను వెనకాల. ఆఫీసాయన తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. చెడ్డవాడిలా లేడు. ఇంకో మూడు చోట్ల ఇలాంటి తగువులే తీర్చి వచ్చినవాడిలా ఉన్నాడు. డాక్టరు కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

"క్రితం వానాకాలం పడకలు చాలక గుండె పేషెంట్లని వరండాలో పడుకోబెట్టాం," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు వెళ్ళి చూడండి. పడకలు ఖాళీగా ఉన్నాయి. ఊరికే ఖాళీ కాలేదు."

"ఈయన పడక ఖాళీగా లేదుగా," అన్నాడు ఆఫీసాయన. "ఈయన పోయి ఉంటే ఎవరు జవాబు చెప్పేవారు?"

"నేనే," అంది సిస్టరు. "మనిషిని చూడకుండా అంకెని నమ్మాను. అంకె అంత బుద్ధిగా ఉన్నప్పుడే అనుమానం రావాలి. ఆ వారం రోడ్డు మునిగిందంటే సరే అన్నాను. ఇంటికి ఎవరినైనా పంపించాల్సింది. అది నా తప్పే."

"అంటే ఈ పద్ధతి పనిచేయదని మీరే ఒప్పుకుంటున్నారు."

 సిస్టరు చేతులు మొదటిసారి ఖాళీగా కనిపించాయి. చాలా రోజులుగా సరిగ్గా నిద్రపోని మొహం. మా ఇంట్లో అందరికీ ఉన్నదే ఆ మొహం, నాకు బాగా తెలుసు.

మామయ్య కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయారు. నేను భుజం మీద చెయ్యి వేస్తే తీసేశారు. లేచి నిలబడ్డారు. ఊపిరి కూడదీసుకున్నారు.

"పద్ధతి పనిచేసింది సార్. నేనే దాన్ని పనిచెయ్యనివ్వలేదు. ఈవిడ తప్పు లేదు, మా ఇంటిది చప్పిడే వండింది, ఉప్పు మీద ఒట్టు, మా కోడలు మాత్రలు వేళకిచ్చింది. దొంగని నేను. లారీ వెనక చక్రం గట్టు మీద ఉంచి తూయించుకునేవాళ్ళని ఎంతమందిని కిందికి దింపానో లెక్కలేదు. ముసలితనంలో అదే పని నేను చేశాను. రెండు వేళ్ళు బేసిన్ మీద ఆనిస్తే కిలో పోయేది. మొదట్లో వేళ్ళే. తర్వాత అరచెయ్యి. ఆఖరి వారం మోచెయ్యి మొత్తం ఆనించినా దిగేది కాదు, బేసినే దిగేది. రోజూ ఒకే అంకె చెబితే సిస్టరమ్మకి అనుమానమొస్తుందని ఓ రోజు కాస్త ఎక్కువ, ఓ రోజు కాస్త తక్కువ చెప్పాను. ఆ విద్య నాకు తెలుసు, ఇన్నాళ్ళూ పట్టుకున్నవాణ్ణేగా. ఎందుకు చేశానంటారా? మాస్టారు చెప్పాడు, మేం వార్డుకి పోతే ఈ గది పోతుందని. నా బరువు పెరిగితే అది ఈవిడ ఖాతాలో పడుతుందనుకున్నా. మా పనిలో అంతే, ఓవర్‌లోడు కనపడిందంటే ఎవరికో ఒకరికి జరిమానా. బరువు పెరగడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పని ఈవిడ మొదటిరోజే చెప్పింది. విన్నాను. నమ్మలేదు. ఊపిరాడక కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా, ఇంకొక్క వారం ఓర్చుకుంటే గది నిలబడుతుంది, ఆ తర్వాత ఏమైతే అదవుతుందిలే అనుకున్నా. ఈ వయసులో నన్ను కూర్చోబెట్టి అరగంట మాట్లాడిన మనిషి ఇంకెవరున్నారు సార్? నన్ను ఏం చేసినా సరే, ఈవిణ్ణి మాత్రం అనకండి. సిస్టరమ్మా, ఆ మిషను ఇలా జరుపు. గోడకి దూరంగా. ఇప్పుడు తూయండి, అందరూ చూస్తుండగా. రేపట్నించి ఇంట్లో కూడా తలుపు తెరిచే ఉంచుతా. రెండు చేతులూ పైకెత్తి నిలబడతా."